ఎడమ పేజీ వాళ్లది, కుడి పేజీ నాది

ట్రంకుపెట్టె మూత లేపగానే ఒండ్రు వాసన గుప్పుమంది. పాత కాగితాల వాసన దాని వెనుక ఎక్కడో సన్నగా ఉంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఒక్కటై కర్నూలు పాత ఊరిని ముంచెత్తినప్పుడు అక్కడ ఉన్నవాళ్లకు ఈ వాసన గురించి చెప్పనక్కరలేదు. గోడలు కడిగాం, సున్నం వేశాం, తలుపులు మార్చాం. అయినా ఏ అలమర అడుగునో, ఏ దేవుడి గూటిలోనో ఆ వాసన ఏళ్ల తరబడి ఉండిపోయింది.

పోయిన నెలలో, ఒకప్పుడు నేను కంప్యూటర్ పాఠాలు చెప్పిన ఇంటి పెద్దాయన కొడుకు ఫోన్ చేశాడు. "సార్, ఇల్లు పడగొట్టి కొత్తగా కట్టుకుంటున్నాం. అటక మీద మీ పెట్టె ఒకటి ఉంది. నాన్న ఉన్నన్నాళ్లూ దాన్ని పారేయనివ్వలేదు. సార్ వస్తాడు, తీసుకుపోతాడు అనేవాడు" అన్నాడు. వరద తరువాత ఆ పెద్దాయనే ఆ పెట్టెను బురదలోంచి లాగి, గుడ్డతో తుడిచి, అటక ఎక్కించాడని ఆ రోజే తెలిసింది. ఆయన పోయినప్పుడు నేను ఊళ్లో లేను. ఆఖరి చూపుకు రాలేదు. తరువాత వెళ్లి ఇంట్లోవాళ్లను పలకరించనూ లేదు. ఆ బరువుతోనే బయలుదేరాను.

కొండారెడ్డి బురుజు దగ్గర ఆటో దిగి సందులోకి నడిచాను. ఒకప్పుడు ఈ సందు మొదట్లో నన్నారి షర్బత్ బండి ఉండేది. మధ్యాహ్నం మూడు గంటల బ్యాచి పిల్లలు ఎండన పడి వచ్చి, ఒక గ్లాసు తాగి, మూతి తుడుచుకుంటూ మా మెట్లు ఎక్కేవాళ్లు. ఇప్పుడక్కడ ఫోన్ల దుకాణం ఉంది. ఇంటి ముందు గోడ మీద నీళ్లు నిలిచిన గీత రెండు సున్నాల కింద నుంచి ఇంకా లీలగా కనిపిస్తూనే ఉంది.

పెట్టెలో పదకొండు లాంగ్ నోటుపుస్తకాలు ఉండాలి. ఎనిమిది ఒకదానికొకటి అతుక్కుని ఇటుకలా బిగుసుకుపోయాయి. మూడు మాత్రం విడివడ్డాయి. పక్కన ఫ్లోచార్టు, అంటే ప్రోగ్రాం దశల బొమ్మ, గీసుకునే ఆకుపచ్చ ప్లాస్టిక్ బిళ్ల ఒకటి, బూజు పట్టిన నాలుగు ఫ్లాపీలు. ఆ మూడు పుస్తకాలను ఒళ్లో పెట్టుకుని అక్కడే మెట్ల మీద కూర్చున్నాను.

*

ఆ ఇంటి మిద్దె మీద గదిలోనే నేను పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. బి క్యాంపులో అద్దె గది నుంచి సైకిలు మీద వచ్చేవాణ్ణి. కర్నూలు 1953లో ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ఉద్యోగుల కోసం వెలసిన క్యాంపులవి. రాజధాని మూడేళ్లకే హైదరాబాదుకు వెళ్లిపోయింది, క్యాంపుల పేర్లు మాత్రం ఊరికి మిగిలాయి. పొద్దున ఏడింటికి ఉగ్గాణి, బజ్జీ తిని బయలుదేరితే రాత్రి తొమ్మిదికి కానీ తిరిగి చేరేవాణ్ణి కాదు.

అప్పట్లో కంప్యూటర్ గదిలోకి చెప్పులతో వెళ్లేవాళ్లం కాదు. గుమ్మం దగ్గర చెప్పులు వరుసగా ఉండేవి. ఏ ఊరి పిల్లలు వచ్చారో ఆ చెప్పులకు అంటిన మట్టి రంగును బట్టి చెప్పవచ్చు. నల్లరేగడి అయితే ఆదోని, ఆలూరు వైపు. తెల్లటి రాతిపొడి అయితే బేతంచర్ల. గదికి ముదురు నీలం తెరలు, నేలంతా బేతంచర్ల బండలు, మూలన ఏసీ. ఎండాకాలంలో ఆ చల్లదనం కోసం ఇంటి పెద్దాయన కూడా అప్పుడప్పుడు వచ్చి వెనుక బల్ల మీద కూర్చునేవాడు. "పాఠం చెప్పుకో నాయనా, నేను విననులే" అనేవాడు. కానీ వినేవాడు.

రెండు పీసీ ఎక్స్‌టీ కంప్యూటర్లు, తరువాత అప్పు చేసి కొన్న 386 ఒకటి. అంతే మా ఆస్తి. ఒక్కో ఫ్లాపీలో 360 కిలోబైట్లు పట్టేవి. ఈ రోజు ఫోనుతో తీసిన ఒక్క ఫొటో దాచాలంటే అలాంటివి పదో పదిహేనో కావాలి. ఫ్లాపీ లోపలికి తోసి మీట తిప్పితే డ్రైవు గర్రుగర్రుమని తిరిగేది. ఆ చప్పుడు విని చదువుతోందా, చదవలేక తడబడుతోందా అని పిల్లలు తెర చూడకుండానే చెప్పేవాళ్లు. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు మొదలైతే పాఠం ఆపాల్సిందే. అది ఆగాక కాగితం అంచుల్లో రంధ్రాలున్న పట్టీలను చింపి, ఆడపిల్లలు జడలా అల్లి కిటికీ ఊచలకు కట్టేవాళ్లు. గాలికి అవి కదిలే చప్పుడు, పక్క మసీదు నుంచి మధ్యాహ్నపు అజాన్, కింద జట్కా గుర్రం గిట్టల చప్పుడు. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ గది ఈ శబ్దాలతోనే గుర్తుకొస్తుంది.

ఒక్కో కంప్యూటర్‌కు నలుగురు. ఒక్కొక్కరికి అరగంట. ఆ అరగంట వృథా కాకూడదు కాబట్టి ప్రోగ్రాం ముందు కాగితం మీద రాయాలి. రాసి, పెన్సిలుతో ఒక్కో వరుస నడిపించి, ఏ దశలో ఏ విలువ ఎంత ఉంటుందో పక్కన గడులు గీసి నింపాలి. అలా నింపిన కాగితం చూపిస్తేనే కుర్చీ ఇచ్చేవాణ్ణి. దాన్ని కొందరు శిక్ష అనుకున్నారు. వాళ్లలో ముగ్గురు నలుగురు ఇప్పుడు పెద్ద పెద్ద బృందాలను నడుపుతూ, తమ దగ్గర చేరిన కొత్తవాళ్ల చేత కాగితం మీద గీయిస్తున్నామని నాకు ఫోన్ చేసి చెబుతారు.

*

మొదటి పుస్తకంలో మొదటి పేజీ. నీలం సిరా ఊదారంగుకు తిరిగింది. అయినా చదవగలిగాను: "సార్, వేరియబుల్‌ను తెలుగులో ఏమంటారు? అది తెలిస్తే నాకు అర్థమవుతుందేమో."

ఈ పుస్తకం ఎలా మొదలైందో చెప్పాలి. మా దగ్గరకు వచ్చే పిల్లల్లో సగం మంది పల్లెల్లో తెలుగు మాధ్యమంలో చదివినవాళ్లు. పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉండేవి. పాఠం అయ్యాక "సందేహాలు ఉన్నాయా" అంటే ఒక్క చెయ్యి లేచేది కాదు. అర్థమైందేమో అనుకుని కొన్ని నెలలు గడిపాను. ఒక సాయంత్రం మెట్ల మీద ఇద్దరమ్మాయిలు మాట్లాడుకుంటుంటే విన్నాను. "అడిగితే మనకు ఇదీ తెలియదా అనుకుంటారే" అంటోంది ఒక పిల్ల. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు పెద్దమార్కెట్‌లో ఒక లాంగ్ నోటుపుస్తకం కొని, దారంతో పెన్ను కట్టి, కిటికీ దగ్గర స్టూలు మీద పెట్టాను. ఎడమ పేజీ మీది, కుడి పేజీ నాది అన్నాను. పేరు రాయనక్కరలేదు. ఏ భాషలోనైనా రాయవచ్చు. రాత్రి ఇంటికి తీసుకెళ్లి జవాబు రాసి పొద్దున తెచ్చి పెడతాను.

వారం రోజులు ఖాళీగా ఉంది. ఎనిమిదో రోజున ఈ ప్రశ్న. కుడి పేజీలో నేను "చరరాశి" అని రాసి, బీజగణితంలో ఎక్స్ విలువ ఎలా మారుతుందో, కంప్యూటర్ విలువ దాచుకునే చోట అది ఎలా మారుతుందో, రెండింటికీ తేడా ఎక్కడుందో అర పేజీ రాశాను. దాని కింద మరొకరి అక్షరాలు: "అయితే ఇది బడిలోనే చదివాం!" ఆ వాక్యం చుట్టూ ఎవరో పెన్నుతో మూడుసార్లు గీత గీశారు. ఒండ్రు మరక ఆ పేజీ అంచు వరకు వచ్చి ఆగిపోయింది.

*

బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో వరుసలకు 10, 20, 30 అని అంకెలు వేయడం చాలామందికి గుర్తుండి ఉంటుంది. ఒకబ్బాయి అడిగాడు, ఒకటి, రెండు, మూడు అని ఎందుకు వేయం అని. మధ్యలో కొత్త వరుస చేర్చాల్సి వస్తే 15 అని వేసుకోవచ్చు, అందుకే చోటు వదులుతాం అన్నాను. "గుంటక తిరగడానికి సాళ్ల మధ్య చోటు వదిలినట్టా సార్?" అన్నాడు. వాళ్లది పత్తికొండ దగ్గర వేరుశనగ పండించే కుటుంబం. అవును, అదే అన్నాను. అన్నాను కానీ, ఆ మాటలో ఎంత ఉందో నాకు అప్పుడు తెలియదు. రేపు మార్పు వస్తుందని తెలిసి ఈ రోజే దానికి చోటు వదలడం అనే సంగతి ఆ పిల్లవాడికి నాగలి వెనుక నడిచిన కాళ్లలోనే ఉంది. నేను దాన్ని పుస్తకంలో వెతుక్కుంటున్నాను.

అదే బేసిక్‌లో గోటూ అనే ఆదేశం ఒకటి ఉండేది. ఏ వరుస నుంచి ఏ వరుసకైనా దూకేయవచ్చు. పిల్లలకు అదంటే ఇష్టం. నేను వద్దనేవాణ్ణి. 1968లోనే డైక్‌స్ట్రా అనే డచ్చి శాస్త్రవేత్త ఇది హానికరమని లేఖ రాశాడని చెప్పేవాణ్ణి. పెద్దవాళ్లు చెప్పారు కాబట్టి వద్దు అన్నట్టుగా ఉండేది నా పాఠం. కారణం చెప్పాల్సిన పద్ధతి అది కాదు. మర్నాడు పుస్తకంలో "ఆయన వద్దన్నాడు సరే, మీరు ఎందుకు వద్దంటున్నారు సార్?" అని ఉంది. ఆ జవాబు రాయడానికి మూడు రాత్రులు పట్టింది. ప్రోగ్రాం రాసినవాడు కాకుండా చదివేవాడు ఏ వరుస దగ్గర వేలు పెట్టినా, ఇక్కడికి ఎలా వచ్చామో తెలియాలి. దూకుళ్లు పెరిగే కొద్దీ వేలు ఎక్కడ పెట్టినా ఏమీ తెలియదు అని రాశాను. డైక్‌స్ట్రా చెప్పిందీ దాదాపు ఇదే. కానీ నేను దాన్ని మొదటిసారి అర్థం చేసుకున్నది ఆ ప్రశ్న వల్లే.

*

కరెంటు కోత ఉన్న రోజులు మాకు డిజైన్ పాఠాల రోజులు. యూపీఎస్ కీచుమని అరవడం మొదలుపెడితే అందరూ గబగబా దాచుకుని యంత్రాలు ఆపేసేవాళ్లు. కిటికీ తెరలు తీసేసి, బల్లలు కిటికీ వైపు జరుపుకుని, నల్లబల్ల మీద గీతలు గీస్తూ కూర్చునేవాళ్లం. ఒక దుకాణం లెక్క, ఒక గ్రంథాలయం లెక్క, బస్సు టికెట్ల లెక్క. ఇందులో ఏవి ముక్కలు, ఏ ముక్క ఏ పని చేయాలి, ఏ ముక్కకు ఏది తెలియాలి, ఏది తెలియకూడదు. కంప్యూటర్లు పనిచేస్తున్నప్పుడు ఎవరి తెర వాళ్లది. కరెంటు పోతే అందరూ ఒకే నల్లబల్ల చూసేవాళ్లు. ఇప్పుడు మా కాలేజీ ప్రయోగశాలలో కరెంటు పోయినా తెలియదు. అది మంచిదే. కానీ అలాంటి మధ్యాహ్నాలు మళ్లీ రాలేదు.

*

రెండో పుస్తకం మధ్యలో ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. ఆ ప్రశ్న నాకు కంఠతా వచ్చు. "సార్, మండీ ప్రోగ్రాంలో హమాలీ రేటు మారితే ఏం చేస్తాం?" కుడి పేజీలో నా చేతిరాత: "ఆ అంకె ఉన్న చోటల్లా మార్చుకుంటాం. ఎడిటర్‌లో వెతికితే దొరుకుతుంది."

ఉల్లిగడ్డలకు, మా వైపు మాటలో ఎర్రగడ్డలకు, కర్నూలు మార్కెట్ యార్డు పెట్టింది పేరు. దిగుబడి వచ్చే రోజుల్లో తెల్లవారుజాము నుంచే బస్తాల లారీలు, ట్రాక్టర్లు, ఎద్దుల బండ్లు బారులు తీరేవి. అక్కడ ఒక కమీషన్ మండీ యజమానికి ఫాక్స్‌ప్రో అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో లెక్కల ప్రోగ్రాం రాసిచ్చాను. రైతు తెచ్చిన బస్తాలు, తూకం, పలికిన ధర. దానిలోంచి హమాలీ, తూకం కూలి, కమీషన్ తీసేస్తే రైతు చేతికి వచ్చేది. చీటీ ప్రింటరు నుంచి గరగరమంటూ బయటికి వస్తుంటే రైతులు చుట్టూ మూగి చూసేవాళ్లు. ఆ మండీలో ఆ సీజనంతా నేను తల ఎత్తుకుని తిరిగాను.

ఆ ఏడాది మధ్యలో హమాలీ రేటు బస్తాకు పావలా పెరిగింది. నేను వెళ్లి కూర్చుని అంకె ఉన్న చోటల్లా మార్చాను. పదిహేడు చోట్ల ఉండాలి. పదహారు చోట్ల మార్చాను. పదిహేడోది బయటి ఊరి వ్యాపారులకు అమ్మిన సరుకు చీటీలో ఉంది. అక్కడ హమాలీ రేటునూ తూకం కూలినీ ముందే కలిపి ఒకే అంకెగా రాశాను. అందుకే వెతికితే దొరకలేదు.

కోడుమూరు వైపు నుంచి వచ్చిన ఇద్దరు రైతులు టీ కొట్టు దగ్గర చీటీలు పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. ఇద్దరివీ అన్నే బస్తాలు. కోత మాత్రం వేరు. వాళ్లలో పెద్దవాడు నోటిలెక్కతో తేల్చేశాడు. అప్పటికి రెండు రోజుల సరుకు కదిలిపోయింది. ఆ రెండు రోజులు హమాలీలకు రావలసిన పావలాలు రాలేదు. వీపు మీద బస్తా మోసినవాడి పావలా అది. మండీ యజమాని ఒక్క మాట కూడా కోపంగా అనలేదు. "సారూ, లెక్క సరిచేసి ఇస్తే పంచేస్తాను" అన్నాడు. ఆ రాత్రంతా పాత చీటీల కార్బన్ కాపీలు ముందేసుకుని లెక్క కట్టాను. ప్రశ్న రాసిన అబ్బాయి నాతోపాటు కూర్చున్నాడు. నేను ముందే అడిగాను కదా సార్ అని ఒక్కసారి కూడా అనలేదు. తెల్లవారాక ఇద్దరం యార్డుకు వెళ్లి ఎవరికి ఎంత రావాలో చదివి వినిపించాం.

తరువాత ప్రోగ్రాం మళ్లీ మొదటి నుంచి రాశాను. ప్రతి రేటుకూ ఒక్కటే చోటు. హమాలీకి ఒక ఫైలు, తూకం కూలికి ఇంకొక ఫైలు, వాటిని చదవడానికి చెరొక ముక్క. కొంచెం అతి చేశాననే చెప్పాలి. ఎందుకంటే హమాలీ రేటు మారిన రోజే తూకం కూలి కూడా మారేది. ప్రతిసారీ రెండు ఫైళ్లూ తెరిచి మార్చాల్సి వచ్చేది. అప్పుడు దాని గురించి పెద్దగా ఆలోచించలేదు.

*

ఆ అబ్బాయి ఏడాది తరువాత బెంగళూరులో ఉద్యోగంలో చేరాడు. చేరిన కొన్ని నెలలకు ఒక పెద్ద కవరు పోస్టులో వచ్చింది. లోపల జిరాక్సు కాగితాలు, పైన చిన్న చీటీ: "సార్, మన హమాలీ రేటు గురించి ఈయన ముందే రాశాడు."

డేవిడ్ పార్నాస్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1972లో రాసిన వ్యాసం అది. ఒక చిన్న సూచిక తయారుచేసే ప్రోగ్రాంను తీసుకుని ఆయన రెండు రకాలుగా విడదీసి చూపిస్తాడు. మొదటిది మేమందరం చేసే పద్ధతి. ఫ్లోచార్టు గీసి, మొదట ఏం జరుగుతుంది, తరువాత ఏం జరుగుతుంది అని ఒక్కో దశను ఒక్కో ముక్కగా చేయడం. రెండోది వేరు. రేపు మారే అవకాశం ఉన్న నిర్ణయాలు ఏవో ముందు జాబితా రాసుకుని, ఒక్కో నిర్ణయాన్ని ఒక్కో ముక్కలో దాచేయడం. ఆ నిర్ణయం మారితే ఆ ఒక్క ముక్క తెరిస్తే చాలు, మిగతావాటికి ఆ సంగతి తెలియనే తెలియదు. ఫ్లోచార్టు దగ్గర మొదలుపెట్టి విడదీయడం దాదాపు ఎప్పుడూ పొరపాటే అంటాడాయన.

చదివాక చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. బల్ల మీద ఆకుపచ్చ ప్లాస్టిక్ బిళ్ల ఉంది. చతురస్రం, వజ్రం, గుండ్రం. ఎన్ని వందలమంది పిల్లల చేత గీయించానో. నేను పుట్టి పెరిగిన జిల్లాలో, యార్డు హమాలీల ముందు తలవంచుకుని నేర్చుకున్న పాఠం అంత ముందే అచ్చులో ఉంది. నాకు చేరలేదు. చిన్న ఊళ్లో పాఠాలు చెప్పేవాడికి పుస్తకాలు ఎంత ఆలస్యంగా అందేవో ఇప్పటి పిల్లలకు ఊహకు అందదు. అప్పటి నుంచి ఫ్లోచార్టు కంటే ముందు పిల్లలను ఒకటే అడుగుతున్నాను: ఇందులో రేపు ఏది మారుతుంది?

*

మూడో పుస్తకం కాస్త నయం. సీ భాష రోజులవి, టర్బో సీ నీలి తెర రోజులు. ఎవరో రాశారు: "గ్లోబల్ వేరియబుల్ అయితే అన్ని ఫంక్షన్లకూ సులువుగా అందుతుంది కదా సార్. ఎందుకు వద్దంటారు?" ఫంక్షన్ అంటే ప్రోగ్రాంలో ఒక ముక్క, గ్లోబల్ వేరియబుల్ అంటే ఏ ముక్క అయినా చదివి మార్చగలిగే విలువ. నా జవాబు కుడి పేజీ నిండా ఉంది. ఇప్పుడు చదివితే అందులో ప్రాణం లేదు. దాని అడుగున, నా సంతకం కింద మిగిలిన రెండు అంగుళాల చోట్లో, చిన్న చిన్న అక్షరాలతో ఇంకొకరు రాశారు.

"మా నాన్న కె.సి. కాలువ మీద లస్కరు. ఎవరికి వాళ్లు గట్టు తెగ్గొట్టుకుంటే ఆ రాత్రికి అందరికీ సులువే. చివరి పొలానికి నీళ్లు ఎందుకు రాలేదో తెల్లారాక ఎవరికీ తెలియదు. అందరినీ అడుగుతూ పోవాలి. తూము ఉంటే మా నాన్న ఒక్క చోట చూసి చెబుతాడు."

సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలై, కర్నూలులో హంద్రీ పైనుంచి దాటి, కడప దాకా మూడు వందల కిలోమీటర్లకు పైగా పారే కాలువ అది. దాని గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ రాత్రిళ్లు లాంతరుతో తిరిగిన మనిషి కొడుకు రాసిన మాటలవి. ఇంతకంటే బాగా ఈ విషయాన్ని చెప్పినవాళ్లను నేను ఇన్నేళ్లలో చూడలేదు. మర్నాడు నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో "తూము" అని రాసి పాఠం మొదలుపెట్టాను. రాసినవాడెవరో చెప్పలేదు. వెనుక వరుసలో ఒక కుర్రవాడు తల వంచుకుని చెవుల దాకా ఎర్రబడ్డాడు.

ఆ మాట మా గదిలో స్థిరపడిపోయింది. ఒక ఫంక్షన్‌కు తొమ్మిది విలువలు పంపిస్తే "తూము మరీ వెడల్పు అయింది" అనుకునేవాళ్లు. తరువాత జావా భాష వచ్చింది. విలువలన్నీ ప్రైవేటు, అంటే బయటి ముక్కలకు నేరుగా అందవు, అని రాసి, ఒక్కోదానికీ తెచ్చే ఫంక్షన్ ఒకటి, మార్చే ఫంక్షన్ ఒకటి రాసేసి, దాచాం కదా అనేవాళ్లు. గట్టు పొడవునా తూములు పెట్టుకుంటే గట్టు ఎందుకు నాయనా అని ఈనాటికీ తరగతిలో అడుగుతూనే ఉన్నాను. కాలువ చూడని పిల్లలకు ముందు కాలువ చూపించాల్సి వస్తోంది. ఫర్వాలేదు, ఏడాదికొకసారి బస్సులో సుంకేసులకు తీసుకెళుతున్నాను.

*

1999 నాటికి మా గది పట్టనంత మంది వచ్చారు. కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష తెలిస్తే చాలు, ఉద్యోగం అన్నారు. పాత ప్రోగ్రాంలలో సంవత్సరానికి రెండు అంకెలే కేటాయించారు. 2000 వస్తే 00 అవుతుంది, అది 1900 అనుకుంటుంది. ఆ ఏడాది పుస్తకాలు అతుక్కుపోయిన ఎనిమిదింటిలో ఉన్నాయి. ఒక్క ప్రశ్న మాత్రం గుర్తుంది. "రెండు అంకెలు పెట్టినవాళ్లు తెలివితక్కువవాళ్లా సార్?" కాదు. ఎనభై గడుల చిల్లుల కార్డులో (పంచ్ కార్డులో) వివరమంతా ఇరికించాల్సిన కాలంలో, రెండు గడులు మిగిలితే అది పొదుపు. వాళ్ల నిర్ణయం వాళ్ల రోజుకు సరైనదే. ఆ నిర్ణయం ప్రతి ప్రోగ్రాంలో, ప్రతి ఫైల్లో, వేల చోట్ల చెదిరిపోవడం వల్లే ప్రపంచమంతా కూర్చుని వెతకాల్సి వచ్చింది. మా పదిహేడో హమాలీ అంకె గురించి చెప్పాను. పిల్లలు నవ్వలేదు. శ్రద్ధగా రాసుకున్నారు.

ఆ బ్యాచి పిల్లలు చాలామంది హైదరాబాదు వెళ్లారు, అక్కడి నుంచి సముద్రాలు దాటారు. గది ఖాళీ అయింది. నేను కాలేజీలో చేరాను. పుస్తకాలు పెట్టెలో సర్ది, కింది గదిలో ఉంచండి, వచ్చి తీసుకెళతాను అని పెద్దాయనతో అన్నాను. వెళ్లలేదు. నీళ్లే ముందు వచ్చాయి.

*

మూడో పుస్తకం చివరి ప్రశ్న. అక్షరాలు ఎడమకు వాలి ఉన్నాయి. ఎవరివో నాకు తెలుసు. బేతంచర్ల నుంచి మొదటి బస్సుకు వచ్చే అమ్మాయి. వాళ్ల నాన్న బండలు కోసి నునుపు చేసే ఫ్యాక్టరీలో పని చేసేవాడు. ఆమె సంచికి ఎప్పుడూ తెల్లటి పొడి అంటుకుని ఉండేది.

"సార్, ముక్కలు చేయమంటారు. ముక్కను మళ్లీ ముక్కలు చేయవచ్చు. దాన్ని మళ్లీ చేయవచ్చు. బండ కోసేటప్పుడు మరీ చిన్నదైతే పగిలిపోతుంది. ప్రోగ్రాంలో ఎక్కడ ఆపాలి?"

కుడి పేజీలో ఒకే మాట ఉంది: "రేపు."

ఆ రేపు రాలేదు. ఇరవై వరుసలు దాటకూడదు అని రాద్దామనుకున్నాను. అది జవాబు కాదని నాకే తెలుసు. ఒక ముక్క ఒక పని అని రాద్దామనుకున్నాను. పని అంటే ఏమిటి అని అడుగుతుంది. రాయలేక వదిలేశాను. ఆమె రెండు మూడు రోజులు పొద్దున్నే వచ్చి పేజీ తిప్పి చూడడం నేను చూశాను. తరువాత చూడడం మానేసింది. చదువు పూర్తయ్యాక ఎటు వెళ్లిందో తెలియదు. నా జవాబు కోసం ఎదురుచూసిన ఆ మూడు పొద్దుల మీద నాకు ఇన్నేళ్లూ బాధ ఉంది.

ఇప్పుడు నా విద్యార్థులు రాత్రి పన్నెండింటికి ఫోనులో ప్రశ్న పంపిస్తారు. నిమిషంలో జవాబు రాకపోతే ఇంకొక చోట వెతుక్కుంటారు. వాళ్లను తప్పుపట్టను. కానీ ఒక రాత్రంతా ఒకే ప్రశ్నతో కూర్చునే అవకాశం నాకు ఆ పుస్తకం ఇచ్చింది, అది పోయిందని మాత్రం గట్టిగా అనిపిస్తుంది. పోయిన వారమే ఒకబ్బాయి తన ప్రాజెక్టును చిన్న చిన్న సర్వీసులుగా విడగొట్టుకుంటూ పోయి, ఒక్క చిన్న మార్పు కోసం అయిదు చోట్ల చెయ్యి పెట్టాల్సి వస్తోంది సార్, ఎక్కడ ఆపాలి అని అడిగాడు. ఆ అబ్బాయితో అరగంట మాట్లాడాను. మాట్లాడుతున్నప్పుడు ఈ పేజీ గుర్తు రాలేదు.

మెట్ల మీద కూర్చుని ఆ ఎడమ పేజీని మళ్లీ చదివాను. హమాలీ ఫైలు, తూకం కూలి ఫైలు కళ్ల ముందు కదిలాయి. చేతిలోనే ఉంది జవాబు, ఆ రోజుల్లోనే. జేబులోంచి పెన్ను తీసి, "రేపు" కింద రాశాను. కాగితం గరుకుగా ఉంది, ఒండ్రు రేణువులు పాళీకి తగులుతున్నాయి, సిరా అంచుల్లో పాకింది.

"అమ్మా, రెండు ముక్కలు ఎప్పుడూ కలిసే మారుతుంటే అవి రెండు కావు. అక్కడ ఆపాలి. ఆలస్యమైంది."

ఇంటి పెద్దాయన కొడుకు టీ తెచ్చాడు. మిద్దె మీద ఎండ బాగుంది సార్, ఆరబెట్టుకోండి అన్నాడు. మూడు పుస్తకాలనూ పైకి తీసుకెళ్లి పిట్టగోడ మీద విప్పి పెట్టాను. నది వైపు నుంచి గాలి వస్తోంది. మా గది నేల అప్పటికే తవ్వేశారు, బండల ముక్కలు మూలన కుప్పగా ఉన్నాయి. ఒకటి తెచ్చి, ఆ పేజీ లేవకుండా పైన పెట్టాను.